పీట మీద పానా, వాకిట్లో ఫట్‌ఫటి

లక్సెట్టిపేటలో బీడీలు చుట్టే తునికాకు కొనే కల్లంలో లెక్కలు రాసే మున్షీ లింగమూర్తి నోట్లోంచి మాట ఎప్పుడూ తిన్నగా బయటికి రాలేదు. రెండు మెలికలు తిరిగి, ఒక పల్టీ కొట్టి, ఎదుటివాడి నడుం గిల్లి అప్పుడు కిందికి దిగేది. పెళ్లికి పిలిస్తే "నీ పప్పుకు వస్త గాని నీ గొప్పకు రాను" అనేవాడు. జ్వరం వచ్చి పడుకుంటే, పలకరించడానికి వచ్చినవాళ్లతో "నేను మంచం పట్టలే, మంచమే నన్ను పట్టింది, జర విడిపియ్యండ్రి" అన్నాడు. అతని మాటకు నవ్వనివాడు ఆ తాలూకాలో లేడు. అతని మాట నమ్మేవాడు కూడా లేడు. ఈ రెండో సంగతి అతనికి చాలాకాలం తెలియలేదు. నవ్వుల చప్పుడులో వినబడలేదు.

వినబడ్డది 1964 దసరా నాడు.

అతనికి ఒక చిన్న మోటారు సైకిలు ఉండేది. ఆకు కాంట్రాక్టరు జీపు కొనుక్కుని, అడవిలో కల్లం కల్లం తిరగడానికి దీన్ని మున్షీకి వదిలేశాడు. ఊరు దాన్ని ఫట్‌ఫటి అన్నది. దానికి తాళంచెవి లేదు. పెట్రోలు గొట్టం తిప్పి ఎవడు కాలెత్తి కిక్కు కొట్టినా లేచేది. కొట్టినవాడు యజమానా, దొంగా, బామ్మర్దా అని అడిగే అలవాటు దానికి లేదు.

మంచిర్యాలలో ఒక మిస్త్రీ ఉండేవాడు. బండి విప్పి బిగించిన తర్వాత రెండు నట్లు మిగిల్చి "ఇవి ఎక్కువొచ్చినయ్ సార్" అని చేతిలో పెట్టేవాడు. అలా మిగిలిన నట్లన్నీ కలిపితే ఇంకో బండి అయ్యేట్టుందని, ఆయిలు మార్చే పని లింగమూర్తి తనే నేర్చుకున్నాడు. నట్లు విప్పే పానా ఒకటి తెచ్చుకుని, "పానా నా చేతుల ఉంటేనే నా పానం నెమ్మది" అని ఊరంతా చెప్పుకున్నాడు. పానా, ప్రాణం రెండూ అతనికి ఒకే జేబులో ఉండేవి.

దసరాకు ముందటిరోజు మధ్యాహ్నం బండిని బస్సులు ఆగే చోటుదాకా తిప్పి తెచ్చాడు. వేడెక్కిన ఆయిలు పల్చబడి తొందరగా దిగుతుంది. చల్లారిందంటే అత్తగారింట్లో అల్లుడిలాగా కదలదు. వాకిట్లో స్టాండు వేసి, ఇంజను కింద ఇనుప తట్ట పెట్టి, గోనెసంచి పరచుకుని వెల్లకిలా పడుకుని, ఇంజను అడుగున ఉన్న బోల్టుకు పానా పట్టించాడు. పక్కింటి బుచ్చిరాములు గోడకు ఆనుకుని చూస్తున్నాడు. బుచ్చిరాములుది ఎడ్లబండి.

"లింగన్నా, గా నల్ల చమురు పారబొయ్యకు. నా బండి ఇరుసుకు పూస్త."

"తీస్కపో. రేపు నీ ఎడ్లు ఫట్‌ఫట్ మనుకుంట ఉరికితె నన్ను తిట్టకు. జర జరుగు, బోల్టు ఊడితె బోల్తా పడేది బండే గాదు."

బోల్టు చివరి చుట్టు తిరిగి అరచేతిలో పడింది. ఆయిలు దిగింది. నల్లగా, వేడిగా, చప్పుడు లేకుండా, లావుపాటి తాడులాగా దిగి తట్టలో చుట్ట చుట్టుకుంది. లింగమూర్తి వేలు ముంచి ఎండకు పట్టి చూశాడు. నలుపులో సన్నటి ఇనుప రజను తళతళమంది. లోపల ఇనుము ఇనుమును తింటే మిగిలే ఎంగిలి అది. ఆయిలు ఉండగానే ఇంత తింటుంటే లేనప్పుడు ఎంత తింటుందో అని ఒక ఆలోచన వచ్చింది. దాని మీద జోకు వెయ్యబోయాడు కానీ ఏదీ తోచలేదు. వేలు గోనెసంచికి తుడుచుకున్నాడు.

తల్లి ఐలవ్వ చేటలో పసుపుకొమ్ములు పట్టుకుని వచ్చి, తట్టలోకి తొంగి చూసి, రెండడుగులు వెనక్కి వేసింది.

"ఏందిరా గది, నెత్తురు లెక్క?"

"దీనికి గూడ నీ పేరే పెట్టిన్నవ్వా. నువ్వు ఐలవ్వ, గిది ఆయిలవ్వ."

ఐలవ్వ నవ్వలేదు. ఆ ఇంట్లో నవ్వనిది ఆమె ఒక్కతే. ఆమెకు నమ్మకాలు ఎక్కువ, వినోదాలు తక్కువ.

"జల్ది కొత్తది పొయ్యి. పండుగ పూట ఇనుమును ఖాళీ కడుపుతోని నిలబెట్టొద్దు."

"రాత్రంత బొట్టు బొట్టు కారనియ్యవ్వా. పాత మురికి సుక్క గూడ ఉండొద్దు. పొద్దుగాల పోస్త."

అది అతని సొంత సిద్ధాంతం. మిస్త్రీలు ఆయిలు దింపి అప్పటికప్పుడు కొత్తది పోస్తారు. లింగమూర్తి మాత్రం తెల్లవారేదాకా ఆగుతాడు. బోల్టును కిరసనాయిలుతో కడిగి, పానా, గరాటు, మూత తియ్యని కొత్త ఆయిలు డబ్బా అన్నీ అరుగు మీద ఒకచోట పెట్టి స్నానానికి పోయాడు.

స్నానం చేసి వచ్చేసరికి అరుగు ఖాళీ. నట్టింట్లో ఐలవ్వ పీట వేసింది. పీట మీద నాగటి కర్రు, కొడవలి, గొడ్డలి, కత్తెర. వాటి పక్కన పానా, గరాటు, ఆయిలు డబ్బా. డబ్బా మీద బోల్టు. అన్నిటికీ పసుపు పూసి కుంకుమ పెట్టింది. కోడలు కిష్టవ్వ దీపం వెలిగిస్తోంది.

"అవ్వా, గా డబ్బా, బోల్టు ఇటియ్యి. పొద్దుగాల పనున్నది."

"పీటెక్కినయి. పండుగెల్లి ఏకాదశి పొద్దు పొడిసెదాక దిగయి."

"అవి కర్రు, కొడవలి గాదే..."

"ఇనుమైతే సాలు. మీ బాపు ఉన్నప్పుడు పీటెక్కిన కొడవలి ఒక్కసారి దింపలే. బర్రె మేత కోసం మంది కొడవలి అడుక్కొచ్చిండు గాని మనది ముట్టలే. నువ్వు ముడితె నేను నీళ్లు ముట్ట."

ఐలవ్వ అన్నంత పని చేసే మనిషి. లింగమూర్తి ఆలోచించాడు. పండుగరోజు ఎట్లాగూ కల్లాలకు పోయేది లేదు. "సరే, నట్టేమో నట్టింట్ల, బండేమో ఒక్కపొద్దుల" అని నవ్వేసి ఊరుకున్నాడు. అయినా మనసులో ఏదో గీకినట్టయి, వాకిట్లోకి పోయి ఇంజను ప్లగ్గు మీది వైరు పీకి పక్కకు వంచి వచ్చాడు. వైరు లేకపోతే కిక్కు కొట్టినా అది కిక్కురుమనదు.

పొద్దున్నే ఐలవ్వ బండిని కడిగి, దాని ముందు లైటుకు పసుపు పూసి, హ్యాండిలుకు బంతిపూల దండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. దారిన పోయేవాళ్లు ఆగి చూసి, పెండ్లికొడుకు లెక్కున్నదన్నారు. పూల దండ అందరికీ కనిపించింది. అడుగున బోల్టు లేని బొక్క ఎవరికీ కనిపించలేదు.

పది దాటాక రాయమల్లు బస్సు దిగాడు. కిష్టవ్వకు తల్లీ తండ్రీ లేరు. ఉన్నది ఈ ఒక్క తమ్ముడే. తల్లి పోయేనాటికి వాడికి పాలపళ్లు కూడా ఊడలేదు. ముద్దలు కలిపి నోట్లో పెట్టి పెంచింది అక్కే. ఇప్పుడు వాడు బెల్లంపల్లి బొగ్గుబాయిలో టబ్బులు తోస్తున్నాడు. మంచిర్యాల తోవలో, వాగు అవతలి ఊళ్లో పిల్ల కుదిరింది. మాఘంలో పెళ్లి. తెల్ల చొక్కా, తలకు కొబ్బరినూనె, జేబులో దువ్వెన. రాగానే అతని కళ్లు అక్క మీద కొంచెం, బండి మీద ఎక్కువ ఆగాయి.

"ఏం బావా, ఎట్లున్నవ్?"

"నువ్వు బొగ్గుబాయిల, నేను మీ అక్క చేతుల. ఇద్దరం చీకట్లనే ఉన్నం బామ్మర్ది."

"సాయంత్రం బండియ్యి బావా. గా ఊరికి పోయి జమ్మి ఇచ్చొస్త."

"మామకా? మామ బిడ్డకా?"

"ఇద్దరికి. సైకిలు మీద పోతె ఏం ఇజ్జతుంటది?"

లింగమూర్తి నవ్వు ఆపుకున్నాడు. "రాయమల్లూ, ఇయ్యాల అది నడువద్దు. దాంట్ల ఆయిలు లేదు."

రాయమల్లు పకపకా నవ్వి అక్కను కేకేశాడు. "అక్కా, ఇన్నవా? ఉగాదికి అడిగితె పెట్రోలు లేదన్నడు. మూత దీసి సూస్తె గొంతుదాక ఉన్నది. పోచమ్మ బోనాలకు అడిగితె టైరుల గాలి లేదన్నడు. నేను పంపు గొట్టి గొట్టి చెమటలు గక్కుతుంటె మంచం మీద కూసోని లెక్క వెట్టిండు. ఇయ్యాల ఆయిలు లేదట. సంక్రాంతికి చక్రాలు లేవంటడు."

"అరే, గవన్ని మజాకులు. ఇది సచ్. ఆయిలు లేకుంటె దానికి ఆయువు లేదు, ఎక్కినోనికి..."

అక్కడ ఆగిపోయాడు. ఆయిలు, ఆయువు. అడగకముందే నాలుక పల్టీ కొట్టేసింది. లోపలి నుంచి బయల్దేరినప్పుడు అది హెచ్చరికే. పెదాల దగ్గరికి వచ్చేసరికి పెళ్లి బట్టలు కట్టుకుని ఉంది.

"సూసినవా! ఆయిలు, ఆయువు! జోడు గలిసిందంటె బావ అబద్ధమాడుతున్నట్టే."

"రా, కిందికి వంగి సూడు. బోల్టు లేదు, బొక్క కనవడ్తది."

"వంగుత! వంగినంక నెత్తి మీద బిందెడు నీళ్లు గుమ్మరిస్తవ్. పోయినేడు బాయి కాడ గట్లనే చేసినవ్. కొత్తంగి బావా ఇది, నేను వంగ."

కిష్టవ్వ పిండి చేతులతో గుమ్మంలోకి వచ్చింది. "ఇయ్యరాదయ్యా. వాడేమన్న దినాం అడుగుతడా? నీ మజాకులన్ని నా తమ్ముని మీదనేనా?"

"మజాకు గాదే. పీట మీద సూడు, డబ్బా మూత గూడ తియ్యలే. ఒట్టు."

"నీ ఒట్టా? మా మేనత్త సచ్చిపోయిందని ఒట్టు వెట్టి చెప్పినవ్ యాదికున్నదా? నేను తోవపొంటి శోకం వెట్టుకుంట పోతె, ఆమె వాకిట్ల కూసోని బియ్యం చెరుగుతున్నది."

అప్పుడు ఊరంతా నవ్వింది. కిష్టవ్వ కూడా చివరికి నవ్వింది. ఆ నవ్వే ఇప్పుడు లింగమూర్తి పంటికింద రాయిలా తగిలింది. ఏం చెప్పినా, ఎంత గట్టిగా చెప్పినా వాళ్ల ముఖాల్లో నవ్వు ఇంకా పెద్దదవుతోంది. గట్టిగా చెప్పడం కూడా అతని పాత వేషాల్లో ఒకటే.

మధ్యాహ్నందాకా అరుగు మీంచి లేవలేదు. "ఏంది లింగన్నా, కావలి గాస్తున్నవ్?" అని బుచ్చిరాములు అడిగితే "దానికి చైనున్నది, నాకే చైన్ లేదు, నిమ్మలం లేదు" అన్నాడు. బుచ్చిరాములు కడుపు పట్టుకుని నవ్వుకుంటూ పోయాడు.

పొద్దు వాలుతుండగా డప్పులు మోగాయి. మగవాళ్లంతా జమ్మి చెట్టుకు బయల్దేరారు. ఇంటి పెద్ద పోకపోతే ఇంట్లోకి జమ్మి రాదని ఐలవ్వ చేతికి కొబ్బరికాయ ఇచ్చింది. రాయమల్లు తిని పడుకుని గుర్రు పెడుతున్నాడు.

"వాణ్ని జర సూస్కో. బండి ముట్టనియ్యకు" అన్నాడు లింగమూర్తి భార్యతో.

"పండుకున్నడు గదా, పో."

ఊరి బయట జనం ఆకాశంలోకి, చెట్లలోకి చూస్తున్నారు. దసరానాడు పాలపిట్టను చూస్తే మంచిదని ఆ చూపు. ఏటా ఎక్కడో ఒకచోట నీలం రెక్క తళుక్కుమనేది. ఆ ఏడు ఎంతకీ కనబడలేదు. ముసలివాళ్లు గొణుగుతున్నారు. "పాలపిట్ట లేకుంటె పాలకూర సూసి పోదాం" అన్నాడు లింగమూర్తి అలవాటుకొద్దీ. చుట్టూ నవ్వులు. ఆ నవ్వుల వెనక, దూరంగా, ఇంకో చప్పుడు.

ఫట్. ఫట్‌ఫట్. ఫట్‌ఫట్‌ఫట్.

తాలూకా మొత్తంలో అట్లా మోగేది ఒకటే.

ఇంట్లో జరిగింది ఇది. ఐలవ్వ అప్పటికే గుడికి పోయింది. రాయమల్లు లేచి, ముఖం కడుక్కుని, బండి చుట్టూ తిరిగాడు. ప్లగ్గు మీది వైరు పీకి వంచి ఉంది. "అగో! దొరికింది బావ మతలబు" అని అక్కను పిలిచి చూపించాడు. నిజంగా ఆయిలే లేకపోతే వైరు పీకే పనేముంది? ఇది బండి ఇవ్వకుండా చేసిన తమాషా కాకపోతే ఇంకేమిటి? కిష్టవ్వకు కూడా అదే నిజమనిపించింది. బావ వేసిన ముడి బామ్మర్ది విప్పాడని ఆమెకు సంబరం కూడా అయింది. "జల్ది పోయి జల్ది రా, మీ బావ రాకముందుకే" అని నవ్వుతూ సాగనంపింది. రాయమల్లు వైరు తగిలించి కిక్కు కొట్టాడు. చక్రం కింద నిమ్మకాయ చితికింది. వీధి చివరిదాకా దండ ఊగుతూ కనిపించింది.

"లింగన్నా, నీ ఫట్‌ఫటి ఎటో పోవట్టె!" అన్నాడు జమ్మి చెట్టు దగ్గర పక్కనే ఉన్న బుచ్చిరాములు.

లింగమూర్తి చేతిలో కొబ్బరికాయ జారి పడింది. చెట్టుకు ఆనించి ఉన్న ఎవరి సైకిలో లాక్కున్నాడు. "ఆపుండ్రి! వాణ్ని ఆపుండ్రి! ఆయిలు లేదు!" అని అరుస్తూ తొక్కాడు. వెనక జనం ఈలలు వేశారు. బావాబామ్మర్దుల పందెం అనుకుని డప్పువాడు దరువు మార్చాడు.

మంచిర్యాల తోవ నున్నగా, ఖాళీగా ఉంది. రెండువైపులా జొన్నచేలు మనిషెత్తు పెరిగి ఉన్నాయి. ముందు ఎక్కడో చప్పుడు పోతోంది. ఆయిలు దింపినా లోపలి గోడలకు పల్చటి పొర ఒకటి అంటుకుని ఉంటుంది. దాని మీద బండి కొంతదూరం పోతుంది. ఎంతదూరమన్నది ఆ పొరను బట్టి. మిస్త్రీ దింపినట్టు దింపి ఉంటే ఇంకొంచెం ఉండేదేమో. రాత్రంతా బొట్టు బొట్టుగా కార్చి, మురికి చుక్క కూడా ఉండొద్దన్నది తనే.

చెవులు ముందుకు పెట్టి తొక్కాడు. చప్పుడు మారింది. మొదట ఫట్‌ఫట్‌లో తడి పోయింది. తర్వాత ఎండు గింజలు పెనం మీద వేగినట్టు చిటపట. ఆ చిటపటలోంచి సన్నటి కీచు ఒకటి లేచింది. పైకి, ఇంకా పైకి పోయింది.

"ఆపురా! గొట్టం కట్టెయ్యిరా!"

కీచు తెగిపోయింది. దూరమవుతూ సన్నబడలేదు. కత్తెరతో కోసినట్టు తెగింది.

అటుపైన జొన్న ఆకుల గలగల తప్ప ఏమీ లేదు. ఇంజను ఆగితే మనిషి తిట్టుకుంటాడు, దిగి తన్నుతాడు, కిక్కు కొడతాడు. ఒక్క చప్పుడన్నా రావాలి. లింగమూర్తి ఆ చప్పుడు కోసం చూస్తూ తొక్కాడు. రాలేదు.

వాగు మీద చిన్న వంతెన. వంతెనకు ఇవతల నుంచి తోవ మీద నల్లటి గీత మొదలైంది. ఇంజను బిగుసుకుపోతే వెనక చక్రం కూడా బిగుసుకుంటుంది. తిరగని చక్రం గీసిన గీత అది. వంతెన మీద వంకర తిరిగి, పిట్టగోడ విరిగిన చోట ఆగింది. బండి అంచుకు తట్టుకుని పడి ఉంది. బంతిపూలు ఇనుము మీద కమిలి పొగ వస్తోంది.

రాయమల్లు కింద ఉన్నాడు. వానాకాలం నీళ్లు తగ్గి బండరాళ్లు తేలాయి. రెండు రాళ్ల మధ్య తెల్ల చొక్కా. కుడికాలు మోకాలి కింద మనిషి కాలు వంగని వైపుకు వంగింది. చెవి మీదుగా నెత్తురు కారి కొబ్బరినూనెలో కలిసింది. లింగమూర్తి జారుతూ దిగి తల ఒడిలో పెట్టుకున్నాడు. కళ్లు తెరిచే ఉన్నాయి.

"బావా... నిజంగనె ఆయిలు లేకుండెనా?"

లింగమూర్తి నోరు తెరిచాడు. నాలుక మీద మెలిక లేదు, పల్టీ లేదు.

"లేకుండెరా" అన్నాడు.

రాయమల్లు ఏదో నవ్వబోయినట్టయింది. కళ్లు మూసుకున్నాడు. ఊపిరి ఉంది, కానీ మధ్యమధ్య ఆగుతోంది. ఎత్తబోతే కాలు వేలాడింది, వాడు స్పృహ లేకుండానే కేక పెట్టాడు. ఒక్కడి వల్ల కాదు. వాడు నీళ్లలోకి జారిపోకుండా రాళ్ల మధ్య సర్ది, లింగమూర్తి గట్టెక్కి వంతెన అవతలి మలుపుదాకా పరుగెత్తాడు.

అవతలి ఊరివాళ్లు జమ్మి కొట్టుకుని వస్తున్నారు. పదిమంది దాకా ఉన్నారు. చేతుల్లో జమ్మి రెమ్మలు, ముందు డప్పు, వెనక ఒక ఎడ్లబండి. ప్రతి ఎండాకాలం లింగమూర్తి కల్లంలో ఆకు కట్టలు కట్టేవాళ్లే వీళ్లంతా.

"అరె, మున్షీ లింగన్న! అలయ్ బలయ్!"

"నా బామ్మర్ది పడ్డడు! వాగుల పడ్డడు! సచ్చిపోతడు, రాండ్రి!"

"మల్లనా? కల్లంకాడికి పులొచ్చిందని మమ్ముల చెట్లెక్కిచ్చి, కింద కూసోని బీడి తాగినవ్. యాదికున్నది మాకు."

ముందున్నవాడు నవ్వుతూ కౌగిలించుకుని చేతిలో జమ్మి ఆకు పెట్టాడు. దసరానాడు జమ్మి ఇస్తే కాదనరాదు, కౌగిలిస్తే విడిపించుకోరాదు. వాణ్ని తోసేస్తే రెండోవాడు పట్టుకున్నాడు. రెండోవాడి చేతుల్లోంచి మూడోవాడి చేతుల్లో పడ్డాడు. "నిజంరా! మా అవ్వ మీదొట్టు!" అని అరిచాడు. ఆ అరుపును ఒకడు అచ్చంగా అతని గొంతుతోనే మళ్లీ అరిచి చూపించాడు. అందరూ విరగబడి నవ్వారు.

"అంగి సూడుండ్రి, నెత్తురు గూడ పూసుకున్నడు. కుంకుమ నీళ్లు గావచ్చు. ఏం యేషమన్నా ఇది!"

కౌగిలింతల్లో ఊపిరాడలేదు. ఎంత అరిస్తే వాళ్లు అంత నవ్వుతున్నారు. డప్పు మోగుతోంది. వాగులోంచి ఏ చప్పుడూ లేదు. లింగమూర్తికి హఠాత్తుగా అర్థమైంది, తను మాట్లాడినంతసేపూ ఇక్కడి నుంచి ఒక్కడు కూడా కదలడు.

నోరు మూశాడు. కౌగిలించుకున్నవాడి చేతుల్లోంచి జారి, తోవ మధ్యలో మట్టిలో కూలబడ్డాడు. తల పైకెత్తి వాళ్ల ముఖాలు చూశాడు. పెదాలు బిగించి, వేలితో వాగు వైపు చూపించాడు. అంతే.

వెనక ఎడ్లబండి మీద మొండయ్య అనే ముసలాయన కూర్చుని ఉన్నాడు. ఆయన పగ్గాలు వదిలి లేచి నిలబడ్డాడు.

"డప్పు ఆపుండ్రి. మున్షీ మాట్లాడ్తలేడు."

"అయితేంది తాతా? గది గూడ మజాకే."

"గీయన నోరు మూసుకోంగ ఇన్నేండ్లల ఎన్నడన్న సూసిండ్రారా? ఉరుకుండ్రి."

డప్పు ఆగింది. ఒకడు మలుపు తిరిగి వంతెన అంచుకు పోయి కిందికి చూసి, "అయ్యో" అన్నాడు. ఆ ఒక్కమాటతో అందరూ పరుగెత్తారు. చేతుల్లోని జమ్మి తోవ మీద రాలింది.

మొండయ్య బండిలో గడ్డి పరిచి రాయమల్లును పడుకోబెట్టారు. ఎడ్లు సర్కారు దవాఖానాకు చేరేదాకా లింగమూర్తి ఒక్కమాట మాట్లాడలేదు. బండి కుదుపుకు వాడు మూలిగినప్పుడల్లా తల కింద చెయ్యి సరిచేశాడు. ఊళ్లోకి వస్తుంటే అరుగుల మీదివాళ్లు "జమ్మి తెచ్చినవా లింగన్నా?" అని అడిగారు. జవాబు రాకపోతే వాళ్లు కూడా లేచి వెంట నడిచారు.

డాక్టరు చూసి, తల దెబ్బకు కుట్లు వేసి, బయటికి వచ్చి చెప్పాడు. ప్రాణానికి భయం లేదు. కాలు మాత్రం రెండుచోట్ల విరిగింది. అతుక్కున్నా వంకర పోదు. ఆ కాలితో మళ్లీ బొగ్గుబాయిలో దిగడం కుదరదు.

అప్పుడే కిష్టవ్వ వచ్చింది. ఎవరు చెప్పారో, ఎంత చెప్పారో, జుట్టు ఊడి, కాళ్లకు చెప్పులు లేకుండా పరుగెత్తుకుంటూ వచ్చింది. వరండా మెట్ల మీద లింగమూర్తి ఎదురుపోయాడు. దారిలోనే మాటలు ఏర్చుకుని పెట్టుకున్నాడు. ఒకదానితో ఒకటి కలవని మాటలు, ఏ మెలికా లేని మాటలు.

"కిష్టవ్వా, తమ్ముడు బతికున్నడు. పానానికి ఫికర్ లేదు. డాక్టరు చెప్పిండు."

ఆమె అతని ముఖంలోకి చూసింది. కళ్లలో కాదు, నోటి దగ్గర చూసింది. పెదాల అంచున నవ్వు ఎక్కడన్నా దాచాడేమోనని ఈ చివరి నుంచి ఆ చివరిదాకా వెతికింది. చచ్చిందన్న మేనత్త బతికే ఉంది. మరి బతికున్నాడన్న తమ్ముడు?

"నిజం కిష్టవ్వా" అన్నాడు. అనగానే ఆమె ముఖంలో రక్తం ఇంకిపోయింది.

అతణ్ని పక్కకు తప్పించుకుని, ఎడ్ల దగ్గర నిలబడ్డ ముసలాయన ముందుకు పోయి చేతులు జోడించింది. ఆయన ఎవరో, ఏ ఊరో కూడా ఆమెకు తెలియదు.

"పెద్దయ్యా, నువ్వు చెప్పు. నా తమ్ముడు ఉన్నడా?"

మొండయ్య ఒకసారి మెట్ల మీద లింగమూర్తి వైపు చూసి, తల దించుకుని చెప్పాడు.

"ఉన్నడు బిడ్డా. కాలు ఖరాబైంది గాని పిలగాడున్నడు. లోపటికి పో."

అప్పుడు ఆమెకు ఏడుపు వచ్చింది. కొంగు నోట్లో కుక్కుకుని మెట్లెక్కింది. లింగమూర్తి వెనకాల రెండడుగులు వేశాడు. తలుపు దగ్గర ఆమె ఆగింది. వెనక్కి తిరగలేదు.

"కాలు సంగతి వానికి నేను చెప్త. నువ్వు చెప్పకు" అంది.